నూట పన్నెండు అడుగులు

మా మటుపిట్‌లో గుడ్ల కోసం తవ్వుతాం.
కోడంత నల్లపిట్ట, తన గుడ్డును తాను పొదగదు,
అగ్గికొండ పాదాన వేడి ఇసుకలో పూడ్చి
దాని దారిన అది పోతుంది.
మేం తలకిందులుగా దిగుతాం,
నడుం దాకా, ఒక్కోసారి మోకాళ్ల దాకా.
పైన ఒకరు మడమలు పట్టుకోవాలి.
లోపలివాడు రెండుసార్లు కాలు తాడిస్తే లాగాలి,
ఆలస్యమైతే ఇసుక ఊరుకోదు.

నా మడమలు పట్టుకునేది టోవుయా తాత.

అందుకే ఆయన అడిగితే కాదనలేకపోయాను.
"జపానువాళ్ల సొరంగం మూతి మీద బూడిద తీశారట,
ఒక్కసారి పోయొద్దాం రా."

పాత ఇనుము కోసమనుకున్నాను.
కొకోపోలో కిలోల్లెక్కన కొనేవాడున్నాడు.
గోనెసంచి చంకన పెట్టాను.
తాత తెచ్చుకున్నది మూరెడు గవ్వలదండ, మా గవ్వల డబ్బు.
"అక్కడేమన్నా అంగడుందా తాతా" అన్నాను.
నవ్వలేదు.

లోపల మొదట ఒక పడవ.
కొండ కడుపులో, పట్టాల మీద,
సముద్రం వైపు ముక్కు తిప్పుకుని
ఎవరో తోస్తారని ఇంకా చూస్తోంది.
చెయ్యి ఆనిస్తే అంచు ఎండుటాకులా రాలింది.
అమ్మితే తుప్పు తూకం కూడా రాదు.

తర్వాత గబ్బిలాల రెట్ట, ముక్కు మూసుకునేంత.
గోడనిండా గునపం గాట్లు
నిన్న కొట్టినట్టే పచ్చిగా ఉన్నాయి.
అక్కడక్కడా దీపపు గూళ్లు,
ఒక్కో గూటిమీదా నాలుకంత మసి.
ఫోను లైటు గూట్లోకి పడ్డప్పుడల్లా
ఆ మసి కొంచెం మెరిసేది.

పడవ దగ్గర్నుంచే తాత నడక మారింది.
జానెడు జానెడు అడుగులు.
మడమ ముందుకొచ్చి బొటనవేలు దాటితే చాలు,
ఆగిపోతోంది.
"మోకాళ్లు పట్టేశాయా?"
"నోరు ముయ్యి. లెక్క తప్పుతుంది."

నలభై. యాభై మూడు.
నేను రెండంగల్లో పోయేచోట
ఆయన ఆరు వేస్తున్నాడు.
మలుపు దగ్గర గోడకి అరచెయ్యి ఆన్చి
లెక్క మింగకుండా, దవడలో పెట్టుకున్నట్టు, మెల్లగా చెప్పాడు.

ఎనిమిదేళ్లట అప్పుడు.
చివర మా అన్న టోకాలాంగ్ గునపం వేస్తుంటే
మట్టి తట్ట నెత్తినెత్తుకుని పడవ దాకా.
పోను నూట పన్నెండు, రాను నూట పన్నెండు.
"అవి ఆ పిల్లాడి అడుగులు. ఇప్పటి కాళ్లతో కొలిస్తే
ఇంకెక్కడికో పోతాం."

డెబ్బై. ఎనభై.
వెనకనుంచి చూస్తే వీపు కూడా కురచై
నెత్తిమీద ఏదో ఉన్నట్టే మెడ బిగించాడు.

తొంభై ఒకటి దగ్గర
కొండ ఎదురొచ్చింది.
రాళ్లు, విరిగిన దుంగలు, ఎర్రమన్ను, కప్పుదాకా.
పైన మాత్రం చెయ్యి పట్టేంత సందు.

విమానాలొచ్చిన రోజు
తట్ట దింపి వెనక్కి తిరిగేసరికి ఇలాగే ఉందట.
గుమ్మరించింది మట్టా, అన్న ఊపిరా అని
ఆయన అనలేదు, నాకే తట్టింది,
తట్టినందుకు సిగ్గేసింది.

"ఇంకా ఇరవై ఒకటి" అన్నాడు.
అప్పువాడి లెక్క చదివినట్టు.

గవ్వలదండ విప్పాడు.
చావింట్లో దండ తెంచి
వచ్చినవాళ్లందరికీ పంచుతాం మేము.
టోకాలాంగ్ చావుకి పంచలేదట,
శవం లేదు కనక, వస్తాడేమో కనక.
వాళ్లమ్మ ఆ దండని ఇంటి చూరులో దాచి
చూరు మార్చినప్పుడల్లా దండ మార్చలేదు.

రాళ్లమీద బోర్లా పడుకున్నాడు.
చేయి సందులోకి, భుజం దాకా,
తర్వాత తల. తర్వాత ఇంకొంచెం.
దారం తెగిన చప్పుడు చిన్నది,
గవ్వలు మాత్రం అవతల చాలాసేపు దొర్లాయి.
అంటే లోపల ఖాళీ ఉంది.

అడగకుండానే మడమలు పట్టుకున్నాను.
చల్లగా ఉన్నాయి, వేడి ఇసుక తెలిసిన మడమలు.
తాడిస్తే లాగాలి.
ఫోను నేలమీద గోనెసంచిని వెలిగిస్తోంది.
గబ్బిలం ఒకటి వచ్చి, చూసి, పోయింది.

తాత ఇంకా కాలు కదపలేదు.
లోపల ఏదో లెక్క పెడుతున్నాడు,
పెదాల కదలిక కాళ్లదాకా వస్తోంది.