హుద్‌హుద్ రేకు

లెక్క మొదట గ్యాస్ పుస్తకం వెనక అట్ట మీద రాసేను.
ప్రాసెసర్ పదకొండు వేల మూడొందలు.
బోర్డు ఏడు, గట్టిగా బేరమాడితే ఆరున్నర.
ర్యామ్ రెండు కర్రలు. డాబాగార్డెన్స్‌లో కర్ర అనే అంటారు,
నేను నవ్వితే షాపు గోవిందు నవ్వలేదు.

మల్కాపురం మందుల షాపులో రాత్రి కౌంటరు నాది.
దగ్గు మందులు, పిల్లల డైపర్లు,
రెండింటికి తలుపు తట్టి
ఒక్క మాత్ర విడిగా ఇమ్మనే మనుషులు.
నెలకొక్క భాగం కొనేను.
ఏప్రిల్‌లో తెచ్చిన బోర్డు గ్యారంటీ
ఒక్కసారీ కరెంటు చూడకుండానే
పెట్టెలో పడుకుని ఎనిమిది నెలలు ఖర్చయిపోయింది.

మా వీధిలో తాళంకప్ప కూడా రెండేళ్లు బతకదు.
ఉప్పుగాలి ముందు దాన్నే తింటుంది, తర్వాత తలుపుని.
అందుకని మాత్రల డబ్బాల్లో మిగిలే
తేమ పీల్చే తెల్ల పొట్లాలు
జేబులో వేసుకుని వచ్చేదాన్ని.
బియ్యం డబ్బాలో బియ్యం లేదు,
పొట్లాల మధ్య నా కంప్యూటరు ముక్కలు ముక్కలుగా ఉంది.

గాజువాకలో మూసేసిన నెట్ సెంటరు నుంచి
గ్రాఫిక్స్ కార్డు, ఆరు వేలు.
విప్పితే లోపల పోర్టు బొగ్గు.
చీదితే నల్లగా వచ్చే ఊళ్ళో
దానికి మాత్రం ఊపిరెలా ఆడుతుంది?
పాత టూత్ బ్రష్షుతో రెక్క రెక్కా తోమేను.

పవర్ సప్లై కాడికి వచ్చేసరికి చెయ్యి వణికింది.
చవకది పద్నాలుగొందలు, మంచిది మూడున్నర వేలు.
దానియేలు మావయ్య షిప్‌యార్డులో వెల్డరు,
తలెత్తకుండా అన్నాడు:
"కరెంటు కాడ కక్కుర్తి పడకే, ఎస్తేరూ."

దాంతో క్యాబినెట్‌కి డబ్బుల్లేవు.
"మూడు వేలా? ఖాళీ పెట్టెకా?"
మావయ్య బాత్‌రూమ్ వెనక్కి వెళ్ళి
ఓ రేకు ఈడ్చుకొచ్చేడు.
హుద్‌హుద్ నాటి రాత్రి ఎవరింటి పైకప్పో
ఎగిరొచ్చి మా పెరట్లో పడింది.
ఎవరైనా అడుగుతారని ఏడాది చూసేం.
తర్వాత అడగరులే అనుకున్నాం.
దాన్ని కోసి, వంచి, నాలుగు మూలలూ అతికేడు.

ఇరవై రెండేళ్లు ఓడ పలకలు అతికిన చెయ్యి
ప్రాసెసర్‌ని మాత్రం ముట్టనంది.
"నువ్వే పెట్టు. నా వేళ్ళు లావు."
మూల మీది త్రికోణం మూల మీది త్రికోణానికి.
ఊపిరి బిగబట్టింది ఆయన.
పేస్టు బఠాణీ గింజంత.

స్విచ్చి నొక్కితే ఫ్యాన్లు తిరిగేయి.
తెర నల్లగానే ఉంది.

రెండు రాత్రులు.
కర్రలు తీసి పెట్టేను, పెట్టి తీసేను.
గోవిందుకి ఫోన్ చేస్తే "తీసుకురండి, చూద్దాం" అన్నాడు,
చూడ్డానికి ఐదొందలు.
మూడో రోజు మావయ్య డ్యూటీ బట్టలతోనే
టెస్టరు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.
"రేకు తగుల్తోంది వెనకాల. అదీ సంగతి."
తన హవాయి చెప్పు మడమ కోసి
తొమ్మిది బిళ్ళలు చేసి
బోర్డు కింద తొమ్మిది చోట్ల పెట్టేడు.
ఒక్క బీప్.
అర చెప్పుతో లేచి నిలబడ్డాడు మనిషి.

ఆటలో సముద్రం ఉంది, ఒక ఓడ ఉంది.
"అల కదలట్లేదేటి?"
"తక్కువలో పెట్టేను మావయ్యా, కార్డు మొయ్యలేదు."
ఓడని చాలాసేపు చూసేడు,
మెడ వంచి, తెర కిందికి కూడా.
"ఇంత నున్నగా ఏ ఓడా ఉండదు.
అతుకులేవీ?"

ఆట ముదిరేకొద్దీ ఫ్యాను వేగం పెరిగింది,
రేకు సన్నగా మొదలెట్టి గట్టిగా అదరసాగింది.
వంటింట్లోంచి అమ్మ,
"గాలొస్తందేటర్రా?" అంటూ
పరుగున మేడెక్కింది
ఆరిన బట్టలు తియ్యడానికి.