ఏడో థియేటర్‌లో పావురం

గోడ మీది రేడియో ఆపేశాం.
ట్రాలీ చక్రాలకు నిన్ననే నూనె రాశాం.
మానిటర్ కూతను పసిపాప ఊపిరంతకు తగ్గించాం.
బయట లీయేజ్ వాన, మ్యూజ్ నది.
లోపల కిటికీ లేదు.
కత్తెరలు లెక్కపెట్టడం నా పని,
ఇవాళ పెదవులు కదపకుండా లెక్కపెట్టాలి.

బల్ల మీద ఎద్గార్ రొనార్, డెబ్బై ఒకటి.
గొంతులో నిమ్మకాయంత గడ్డ.
నలభై ఏళ్లు ఉక్కు కొలిమి ముందు నిలబడ్డవాడు,
సూది చూస్తే మాత్రం మొహం తిప్పుకుంటాడు.
పూర్తి మత్తుకు గుండె ఒప్పుకోదన్నారు.

మ్యురియెల్ ఆయన చెవి దగ్గరికి స్టూలు జరుపుకుంది.
"ఎక్కడికి వెళ్దాం?"
అందరూ సముద్రం అంటారు. కొందరు మంచుకొండలు.
ఆయన కాసేపు ఆలోచించి
"మా అటక మీది పావురాల గూటికి" అన్నాడు.
"బార్సిలోనా పందెం నుంచి నా నీలిరెక్కది రావాలి."

పదకొండేళ్ల కిందట ఈ గదిలోనే
సర్జన్ వాన్‌డెర్‌లిక్ నవ్వాడు:
"సంతలో గారడీవాళ్లకూ గౌన్లు ఇస్తున్నారా ఇప్పుడు?"
ఆ రోజుల్లో హిప్నోసిస్ అన్న మాటను
కేస్‌షీటు అంచున నేనే పెన్సిల్‌తో రాసేదాన్ని,
ఎవరైనా అడిగితే చెరిపేయడానికి వీలుగా.
ఇప్పుడది అచ్చయింది.
అలర్జీలకూ కట్టుడుపళ్లకూ మధ్య
చిన్న గడి.
ఏ పూలగుత్తీ రాలేదు, ఎవరూ ఉపన్యసించలేదు.
టిక్కు పెడతాను, సిరాతో.

మంత్రమేమీ కాదు.
చర్మం కింద తిమ్మిరి మందు ఉంది,
సెలైన్‌లో చుక్క చుక్కగా కాస్త మగత ఉంది.
మిగిలిందంతా మ్యురియెల్ గొంతు:
"గింజల డబ్బా మీ చేతిలో ఉంది.
పెంకులు ఎండకు వెచ్చబడ్డాయి.
దక్షిణం వైపు చూడండి."
కత్తి గీసినప్పుడు
ఆయన బొటనవేలు కదిలింది,
గింజ నాణ్యం చూస్తున్నట్టు.

వాన్‌డెర్‌లిక్ ఇప్పుడు వేళ్లతోనే అడుగుతాడు.
రెండు చాస్తే ఫోర్సెప్స్, అరచేయి తెరిస్తే దూది.
అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరి
చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడిలా
ఎద్గార్ మెడలో తిరుగుతున్నాడు.

గంటా పది నిమిషాలు.
గడ్డ గిన్నెలో పడింది, టక్కుమని.
అందరం ఉలిక్కిపడ్డాం,
ఆయన తప్ప.

చివరి కుట్టు దగ్గర సర్జన్ ఉండబట్టలేకపోయాడు.
వంగి, గుసగుసగా:
"వచ్చిందా?"

కళ్లు తెరవకుండానే ఎద్గార్,
"ష్...
వాలబోతోంది.
మీరు కదలకండి."