ఆరో నంబరు కుంచె

ప్రవేశ పత్రంలో ఫీజు ఒక్కటే రాశారు.
నాన్న రెండుసార్లు కూడి చూసి, సరే అన్నాడు.

కుంచెలు అందులో లేవు.
టర్పెంటైన్ లేదు. కాన్వాసు బిగించే కర్రల్లేవు.
తడారని బొమ్మతో పర్లాకిమిడి బస్సెక్కితే
కండక్టరు కొట్టే రెండో టికెట్టు, అదీ లేదు.
ఏటే ఇంత, అని అమ్మ అడిగితే
పుస్తకాలన్నాను.

బరంపురంలో సాహు గారి కొట్టు.
రంగు గొట్టాలు అద్దాల బీరువాలో, తాళంలో ఉంటాయి.
కోబాల్టు నీలం చూపించమంటే
కొంటావా, చూస్తావా అని
ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి అడుగుతాడు.
రెండు భాషల్లోనూ నా దగ్గర ఒకటే జవాబు.

మినతీ నేనూ కలిసి ఒక గొట్టం కొన్నాం.
అయిపోయాక బ్లేడుతో నిలువునా కోసి
పొట్టలో మిగిలింది కూడా గీరి తీశాం.
ఆ నెల నా బొమ్మల్లో ఆకాశం
చూరు కింద నుంచి కనిపించినంతే.

ఆరో నంబరు కుంచె ఆరువందల నలభై.
మా నాన్న దండాసి,
కొమ్ముతో దువ్వెనలూ కొంగలూ చేసే మనిషి,
మినతి కుంచెని వెలుగుకి ఎత్తి చూసి
"ఎంటికలే కదేటమ్మా" అన్నాడు.
ఎదురింటి వాళ్ల ఎద్దుని బుజ్జగించి
చెవిలో చిటికెడు కత్తిరించాడు.
పాత పెన్ను రేకులో దోపి, కొమ్ముతో పిడి చెక్కి,
నూనె పూసి అరచేత్తో రుద్దాడు,
అందులో నా ముఖం కనిపించేదాకా.
ఒక రోజు కూలి పోయింది.
దానికి బిల్లు లేదు.

అంత అందమైన పిడి మా క్లాసులో ఎవరికీ లేదు.
కానీ అది రంగు తాగుతుంది, వదలదు.
మొన తేలదు. రాలుతుంది.
మహేంద్రగిరి మీది మబ్బులో
ఒక వెంట్రుక అతుక్కుపోయింది.
ప్రధాన్ సార్ గోటితో గీకి
శుభ్రత లేదని నాలుగు మార్కులు కోశారు.
ఎద్దుది సార్, అనలేదు నేను.

దసరాకి మూడు లారీల వెనక తామరపూలు వేసి
అసలుది కొనుక్కున్నాను.
నాన్న కుంచెతో ఇప్పుడు జిగురు పూస్తున్నాను.

ఇంటికెళ్తే, చేతులు కడుక్కుంటూ అడిగాడు,
ఎలాగుందే అది?
బాగుంది నాన్నా, అన్నాను.

మరైతే ఇంకోటి చేస్తానుండు, పెద్దది, అన్నాడు.
ఎద్దు చెవిలో ఇంకా పెరగాలట.