నార్మల్

కేజీహెచ్ పాత బ్లాకులో చివరి గది నాది.
తలుపు మీద 'నరాల పరీక్ష' అని ఉంటుంది,
మొదటి అక్షరం తలకట్టు ఎప్పుడో రాలిపోయింది.
తీగలు అతికిస్తాను, చిటికెడు కరెంటు పంపిస్తాను,
వేలు ఉలిక్కిపడితే తెర మీద ఆకుపచ్చ గీత లేచి పడుతుంది.
ఇరవై రెండేళ్లుగా
ఊళ్లోవాళ్ల వేళ్లు ఉలిక్కిపడటం చూసి జీతం తీసుకుంటున్నాను.

చోడిపిల్లి నూకరత్నం, నలభై ఆరు, జాలరిపేట.
కుడి చేతిని ఎడమ చేత్తో మోసుకొచ్చింది
అమ్ముడుపోని చేపని ఇంటికి తెచ్చుకున్నట్టు.
బల్ల మీద పెట్టింది. అది పెట్టినచోటే ఉండిపోయింది.

"కోనాం కోసిన సెయ్యి బాబూ ఇది.
కళ్లు మూసుకుని కోసినా ముక్కకీ ముక్కకీ తేడా ఉండీది కాదు.
ఓ పొద్దున్న లెగిసి సూత్తే
మరి నాది కాదు."

మోచేతి నుంచి మణికట్టు దాకా
కబురు పరిగెత్తింది,
రాత్రి ఆఖరి గాజువాక బస్సు
ఒక్క స్టాపులోనూ ఆగకుండా పోయినట్టు.
గీత నిటారుగా లేచింది.
మెడ స్కానూ బాగుంది, తలా బాగుంది, రక్తమూ బాగుంది.
కాగితం అడుగున నేను రాసే మాట ఒకటే.

ఆ మాట వినగానే దండం పెట్టేవాళ్లున్నారు,
కొబ్బరికాయ మొక్కుకునేవాళ్లున్నారు.
నూకరత్నం చెంపదెబ్బ తిన్నదానిలా చూసింది.
"అంటే, నాను నాటకాలాడతన్నానా?"

ఇంట్లో అంతకుముందే అనేశారట.
పోలమాంబ గుడిలో బొట్టు పెట్టించారు,
దిష్టి తీసిన ఎండుమిరపకాయలు ఘాటు రాలేదన్నారు,
వేట నిషేధం రెణ్ణెల్లూ పనెగ్గొట్టడానికేనని అత్త.
మరిది, ఆమె నిద్రలో ఉండగా,
వల కుట్టే సూది గుచ్చి చూశాడు.
రక్తం వచ్చింది. చెయ్యి రాలేదు.

పై అంతస్తులో డాక్టర్ హైమవతి
నొప్పి గురించి అడగలేదు.
"ఆ చెయ్యి ఆఖరుగా చేసిన పనేంటమ్మా?" అంది.
నూకరత్నం చాలాసేపు కిటికీలోంచి
డాల్ఫిన్ నోస్ కొండ వైపు చూసింది.

దానయ్యమ్మ. బుట్ట పక్కన బుట్ట, పంతొమ్మిదేళ్లు.
'అదీ నేనూ' అనేది ఎప్పుడూ.
అది ఒకటంటే ఇది రెండనేది, అది తుమ్మితే ఇది తిట్టేది.
లారీ కొట్టేసిన రోజు అయినవాళ్లెవరూ దొరకలేదు.
ఇదే ఆసుపత్రి, వెనకవైపు.
గుడ్డ తీసి "ఇదేనా?" అన్నారు.
"ఇదే" అంది.
కాగితం మీద బొటనవేలు అద్దించారు.
సిరా మూడు రోజులు పోలేదట.

కారణం అదేనని నేననను.
ఫైల్లో ఏం రాశారో చదవలేదు, చదవకూడదు కూడా.

హుద్‌హుద్ నాడు నేను
తాటిచెట్లపాలెం అద్దింట్లో
తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను, ఎన్ని గంటలో తెలీదు.
సాయంత్రానికి గాలి ఊళ్లో ఆగింది.
నా ఎడమ చెవిలో ఆగలేదు.
రెండుసార్లు పరీక్ష చేయించుకున్నాను.
ఆ కాగితాలు రెండూ పర్సులో మడిచి ఉన్నాయి,
మా ఆవిడకి కూడా చూపించలేదు,
వాటి అడుగున ఏం రాసుందో మీకు చెప్పక్కర్లేదు.

నిషేధం ఎత్తేశాక ఓ ఆదివారం
హార్బరు గట్టు మీద కనిపించింది.
నన్ను గుర్తుపట్టలేదు. తీగలు లేకపోతే నన్నెవరు గుర్తుపడతారు?
ఎడమ చేత్తో కోస్తోంది,
కుడిది ఒళ్లో పడుకుని ఉంది, పాలు తాగి నిద్రపోయిన పిల్లలా.
"వారానికి రెండుసార్లు పై అంతస్తుకెళ్తన్నాను," పక్కావిడతో చెబుతోంది,
"ఆ పాప ఊరికే ఇంటాది. అదేటి మందో!"

ఈగ ఒకటి వచ్చి చేప కన్ను మీద వాలింది.
ఒళ్లోని చెయ్యి లేచింది.
ఈగని తోలింది.
మళ్లీ వెళ్లి పడుకుంది.

ఆమె చూడలేదు. డబ్బులు లెక్కపెడుతోంది.
పక్కావిడ చూడలేదు. మరిది
ఐసు పెట్టె దించుతూ అటు తిరిగి ఉన్నాడు.
చూసింది నేనొక్కణ్ణే,
గీతలు చదివి చెప్పడం తప్ప
ఇంకో పని రానివాణ్ణి.

"అరకేజీ కోనాం," అన్నాను.
ముక్కలు ఒకటి లావు, ఒకటి సన్నం.
సంచి పట్టుకుని వచ్చేశాను.