టికెట్ వెనుక రాసిన చిల్లర

రంజాన్ ఇరవై మూడో రోజా.
హన్మకొండ బస్టాండ్ల డ్యూటీ దిగి
లెక్క అప్పజెప్పిన.
ఏడు రూపాయలు తక్కువొచ్చినయ్.
జేబులకెల్లి పెట్టిన.

డ్రైవర్ సారంగపాణి నవ్విండు:
"ఏడు రూపాయలకే మొఖం మాడ్చుకుంటివి,
మరి జీతంల మిగిలినదాంట్ల నలభైకి ఒకటి
ఎవ్వడడగకుండనే ఎట్ల తీస్తవ్ సత్తారూ?
రసీదన్న ఇస్తరా?"

దోజఖ్ భయమని చెప్పొచ్చు. కొంత ఉన్నది.
అమ్మీ కోసమని చెప్పొచ్చు.
ఏడాదికోపారి వెండి కడియాలు తూకమేయించుకొని
"సాడే బావన్ తులాలకు ఇంకా ముప్పై తక్కువ"
అని మూట గట్టేది.
ఒక్క ఏడన్నా ఇచ్చేటోళ్ల దిక్కు నిలబడాలని
ఉండె ఆమెకు.
తీసుకునే దిక్కే కన్ను మూసింది.

ముందటేడు సొసైటీ లోను వంక జెప్పి ఎగ్గొట్టిన.
ఏం గాలే.
బస్సు బోల్తా పడలే, పిల్లకు జరం రాలే.
ఏం గాకపోవుడే
నన్ను బెదిరిచ్చింది.

నర్సంపేట రూట్ల నువ్వూ చూస్తవ్ గదా,
గిర్నిబావి కాడ మిరప ఏరబోయే ఆడోళ్లు ఎక్కుతరు.
జీరో టికెట్ కొట్టిస్త.
ఒక్కామె దండం పెట్టదు,
కిటికీ పక్క సీటు కోసం కొట్లాడుతది.
నాకు మస్తు నచ్చుతది ఆ కొట్లాట.
ఇచ్చుడంటే అట్లుండాలె,
తీసుకున్నోళ్లు మెడ వంచొద్దు.

ఇంకోటున్నది సారంగం, ఎవ్వలకూ చెప్పలే.
ఇరవై ఆరేండ్లల్ల టికెట్ వెనుక
ఎన్ని రాసిన్నో,
మూడు, ఎనిమిది, పన్నెండు, చుట్టూ సున్న.
"దిగేటప్పుడు అడుగు" అంటి.
కొందరు అడగలే.
నిద్ర కండ్లతోని దిగిండ్రు,
చంకల పిల్లతోని, నెత్తి మీద మూటతోని దిగిండ్రు.
రైట్ రైట్ అన్న.
ఆ చిల్లర నాతోని ఇంటికొచ్చింది.
ఇప్పుడు ఏ ఊరికి పోయి
ఎవ్వల పేరు పెట్టి పిలువాలె?

అది వేరే బాకీ, ఇది వేరే బాకీ అంటడు మౌలానా.
నిజమే.
కానీ సంచిల పెట్టే చెయ్యి
ఒక్కటే గదా.

సారంగం బీడీ చెవి మీద పెట్టుకొని
జరసేపు ఊకున్నడు.
"నాకు గూడ రెండు రూపాయలున్నయ్ పో నీ కాడ,
మొన్నటి చాయ్‌వి."

మండిబజార్ దిక్కుకెల్లి మగ్రిబ్ అజాన్.
ఖర్జూరం సగం తుంచి ఆయన చేతుల పెట్టిన.
"గిది రెండు రూపాయలది కాదు" అన్నడు,
నోట్లెసుకుంట.