ముప్పై సెకన్ల పాట

చిక్కడపల్లి లైబ్రరీల
మూడో ఫ్యాను కింది బల్ల మాది.
పొద్దున్నే పోయి రుమాలేసి ఆపుకున్న జాగా.
ఇయర్‌ఫోన్‌ కుడిచెవిది ఎప్పుడో చచ్చిపోయింది.
బతికున్న ఎడమది
గంటసేపు నాకు, గంటసేపు తస్నీమ్‌కు.

"చదువుకుంట ఏం వింటవ్?" అని నేనే అడిగిన,
పరీక్ష రెండోసారి వాయిదా పడ్డనాడు.
ఫోను నా దిక్కు జరిపింది.
హార్మోనియం. వెనక ఢోలక్.
ఎవరో పెద్దాయన గొంతు సవరించుకొని
"రాత్" అన్నడో లేదో
ఠక్కున తెగింది.
మళ్ల మొదటికి.
మళ్ల "రాత్" కాడ ఠక్కు.
"మిగిలింది?"
"నాకు తెల్వదు" అన్నది, పేజీ అంచుకు గీత గీసుకుంట.

వాళ్ల అబ్బా యాకుత్‌పురాల
టేప్‌రికార్డర్లు బాగుచేసేటోడు.
మెట్ల కింద దుకాణం, ఒక స్టూలు, కాలిన సీసం వాసన.
ఏ డబ్బా బాగైనా పరీక్షకు ఒకటే క్యాసెట్,
అదే పాట, అంతే సేపు.
బటన్ నొక్కి "చల్‌గయా" అని
గిరాకీ చేతిల పెట్టేటోడు.
"చిన్నప్పుడు ఆ మాటతోటే పాట అయిపోతదనుకునేదాన్ని.
పక్కింట్ల పాట ఇంకా సాగుతుంటే
వాళ్ల డబ్బా ఖరాబైందని జాలిపడేది."

ఇప్పుడు అవే మెట్ల కింద ఫోను కవర్లమ్ముతడు.
దుకాణం మార్చేనాడు
ఆఖరి మిషన్ మీద ఆడించి చూస్తుంటే
తస్నీమ్ ఫోన్‌ల పట్టుకున్నది.
ఠక్కు పడ్డది.
ఆ మాట పడలేదు.
ఆనాడు ఆయన అననేలేదట.

నా పాటకు మాటలే లేవు, అంకెలు.
కామారెడ్డిల అమ్మ బీడీలు చుట్టుకుంట తీసే రాగం,
ఒకటి నుంచి ఇరవై అయిదు,
ఇరవై అయిదుకు గొంతు దించి దారం ముడి.
ఆమెకు షోలాపూర్ నుంచొచ్చిన తోడికోడలు నేర్పిందట.
అక్కడ మగ్గం మీద పోగులు లెక్కపెట్టేటోళ్లట.
అంతకు ముందు ఏం లెక్కపెట్టిన్రో
అడగడానికి తోడికోడలు లేదు.

నేను దాంట్ల రాజ్యాంగాన్ని కూర్చోబెట్టిన.
పద్నాలుగు సమానత్వం, పదిహేను వివక్ష,
పదిహేడు అంటరానితనం, ఇరవై ఒకటి ప్రాణం...
ఇరవై అయిదుకు మతస్వేచ్ఛ, దారం ముడి.
తస్నీమ్ నవ్వి నవ్వి
లైబ్రేరియన్‌తోటి తిట్లు తిన్నది.
ఇప్పుడు అమ్మ ఫోన్‌ల అదే రాగం తీస్తే
నాకు ఆకు వాసన రాదు,
ప్రశ్నపత్రం కనబడతది.
దీన్ని లాభం కింద రాయాల్నో, నష్టం కింద రాయాల్నో.

మొన్న నారాయణగూడల వాన.
తడుసుకుంట ఇరానీ హోటల్ల దూరిన.
గల్లా మీద రేడియో. అదే హార్మోనియం.
అదే సవరింపు.
"రాత్"
ఠక్కు రాలేదు.
నా వెన్నే ఉలిక్కిపడ్డది.
పాట పోతనే ఉన్నది,
రాత్రి తర్వాత ఒక వాకిలి,
ఎవరో చెప్పులు విడిచిన చప్పుడు...
నా ఉర్దూ సగమే, అర్థమైంది సగమే.
ఇంటోళ్లు లేనప్పుడు వాళ్ల తలుపు తీసి
లోపల తిరిగినట్టు సిగ్గైంది.
అయినా లేవలేదు.
ఉస్మానియా బిస్కెట్ విరిగి చాయ్‌ల మునిగింది.
చివరిదాకా కూసున్న.

తెల్లారి చెప్పిన.
పెన్ను ఆగింది.
"పూరా విన్నవా?"
"లే, నడుమల్నే లేచొచ్చిన."
"మంచిగ చేసినవ్" అన్నది.
భూగోళంల పడ్డం ఇద్దరం,
గోదావరి ఉపనదులు, మంజీర, ప్రాణహిత.
ఇంద్రావతి దాటి, శబరి కూడా దాటినంక
తలెత్తకుండ అడిగింది,
"బాగున్నదా?"

అప్పుడే వాచ్‌మన్ ఫ్యాన్లు బంద్ జేసిండు.
మా నెత్తి మీద కిర్రుకిర్రుమనేది
ఒక్కొక్క చుట్టు తగ్గుకుంట
ఏదో అంకె కాడ నిలబడ్డది.
ఇన్ని నెలలు అది కూడా వింటున్నమని
ఇద్దరికీ తెల్వదు.
చెవిలది తీసి
వైరు చుట్టుకుంట కూసున్నది తస్నీమ్.
నేనింకా జవాబు చెప్పలేదు.