సెలూన్ వెనక

ట్రియెస్తెలో బోరా గాలి లేచిన రాత్రి
బుద్ధున్నవాళ్లు బయట నిలబడరు.
మేం నలభై నిమిషాలు నిలబడ్డాం,
నేనూ, ఒందీనా,
షట్టరు దించిన సెలూన్ ముందు
దీపస్తంభాన్ని చెరోపక్కా వాటేసుకుని.

ఆమెకి ఆ రోజే రిటైర్మెంటు.
ముప్పై ఒక్కేళ్లు రేవు గిడ్డంగిలో
కాఫీ గింజలు ఏరింది.
ఒక్కసారి, ఖరీదైన చోట
కాళ్లు వేలాడేసుకుని కూర్చుందామే నీవెస్, అంది.
రెండు నెలల ముందే పేర్లు రాయించాను.
అడ్వాన్సు కూడా కట్టాను.

తలుపులో ఉత్తరాలు వేసే చీలిక తెరుచుకుంది.
మనిషి లేడు, ఒక నోరు మాత్రం అడిగింది:
"రహస్యపదం?"
"మూడో నీడ."
"అది నిన్నటిది."
ఇవాళ్టిది ఫోన్‌కి పంపారట.
తీసి చూస్తే, చలికి కొయ్యబారిన నా వేలిని
ఫోనూ గుర్తుపట్టలేదు.

లోపల, తోలుసంచిలో ఫోన్లు వేసి తాళం వేశారు.
గొంతు పెంచకూడదన్నారు.
ఒందీనా కోటు బరువు మా కొక్కేలు ఆపలేవన్నారు.
ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుంది,
నిద్రపోయిన పిల్లాణ్ణి పెట్టుకున్నట్టు.

మెనూ లేదు.
"మీ మనసెలా ఉందో చెప్పండి, అదే కలిపిస్తాం"
అన్నాడు తాంక్రేది అనే కుర్రాడు, మీసాలకు మైనం.
ఒందీనా ఆలోచనలో పడింది.
ఆ మాట ఆమెనెవరైనా అడిగి ఎన్నాళ్లయిందో.
"కాళ్లు నొప్పి" అంది చివరికి. "సంతోషం కూడా.
రేపు ఐదింటికి మెలకువొస్తే, లేచి ఇక..."
అతను అప్పటికే పక్క టేబులు వైపు తిరిగాడు.

వడ్డించేవాడు మనవాడైతే
కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు.
మాది కడపంక్తే,
టాయిలెట్ తలుపు వీపుకి తగిలే చోటు.
వడ్డించేవాడేమో
అద్దంలో తనవాడు.

ముప్పావుగంటకి వచ్చింది
బోర్లించిన గాజు గోపురం నిండా పొగ.
గోపురం ఎత్తాడు. పొగ పోయింది.
మిగిలింది ఉగ్గుగిన్నెడు.
ఇరవై ఆరు యూరోలు.
ఇథియోపియా కొండల్లో ఒకే తోట కాఫీ, అన్నాడు.

ఒందీనా తాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది.
ముప్పై ఒక్కేళ్ల ముక్కు.
"పులిసిన గింజ పడింది బాబూ" అంది మెల్లగా.
"ఒక్కటే. కానీ పడింది.
కడిగాక ఎండబెట్టడం ఆలస్యమైతే ఈ వాసనొస్తుంది."
అతను నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు,
నా బస్సులో ముసలాళ్లు చిల్లర లెక్కపెడుతుంటే
వెనకున్నవాళ్లు నవ్వేది.
"అది పొగ రుచి, మేడమ్. అలవాటు కావాలి."

అలవాటట.

గొంతు పెంచాను, ఒప్పుకుంటున్నాను.
ఆమె ఎవరో చెప్పాను, ఎన్ని బస్తాలో చెప్పాను.
ఒందీనా నా మోచెయ్యి పట్టి లాగింది.
మీ టైమైపోయిందని బిల్లు తెచ్చిపెట్టారు.
అందులో "అనుభవం" అని ఒక వరస, పన్నెండు యూరోలు.
దేని అనుభవమో రాయలేదు.

బయట, గాలి ఆమె టోపీ ఎత్తుకుపోయింది.
ఇద్దరం పరిగెత్తాం. దొరకలేదు.
మూసేయబోతున్న హోటల్లో ఉడకేసిన పంది మాంసం, ఆవముద్ద,
నిలబడే తిన్నాం.
మనసెలా ఉందని అక్కడెవరూ అడగలేదు.
ఒందీనా తనంతట తనే
ఆ సగం వాక్యం పూర్తిచేసింది.
అది ఇక్కడ రాయను.

పదిరోజుల తర్వాత.
నా ఆఖరి బస్సు, రాత్రి ఒంటిగంట పది.
అద్దంలో ఎవడో పరిగెత్తుకొస్తున్నాడు,
కోటు తెరచాపలా ఉబ్బి,
మైనం కరిగి ఒకవైపు మీసం వాలి.
తలుపు మీట నా చేతిలో ఉంది.
అడగాల్సిన ప్రశ్న నాలుక చివరే ఉంది, పదిరోజులుగా.

పదకొండు సెకన్లు ఆగాను.
ఎక్కాడు. నారింజ తొక్క వాసన, చెమట వాసన.
"థాంక్స్" అన్నాడు, నా మొహం చూడకుండా.
సీట్లన్నీ ఖాళీ.
కూర్చుంటే మళ్లీ లేవలేననుకున్నాడో ఏమో
కమ్మీ పట్టుకుని నిలబడే
కునికిపాట్లు పడ్డాడు.
సెర్వోలా మలుపు దగ్గర
స్టీరింగు కొంచెం నెమ్మదిగా తిప్పాను.

టోపీ సంగతి మాత్రం
మరిచిపోలేదు.